ముప్పై నాలుగేళ్లకు బొమ్మలు గీయడం మొదలుపెడితే వస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాకు 34 ఏళ్లు. బడి మానేశాక ఎప్పుడూ బొమ్మ గీయలేదు. రెండు నెలలుగా వీడియోలు చూసి ప్రయత్నిస్తున్నాను. ఇరవై నాలుగు పెన్సిళ్ల సెట్టు కూడా కొన్నాను. అమ్మ ఫొటో చూసి గీస్తే ఎవరో తెలియని మనిషి వచ్చింది. నాకు గీత తిన్నగా రాదు, చెయ్యి వణుకుతుంది. ఇది పుట్టుకతో రావాల్సిందేనా? కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి, రోజుకు ఎంతసేపు చేయాలి?"

వస్తుందండి. నేను పంతొమ్మిదేళ్లుగా పెద్దవాళ్లకు బొమ్మలు గీయడం నేర్పుతున్నాను. మొదటి రోజు వచ్చినవాళ్లలో చాలామంది కూర్చోకముందే చెప్పే మాట మీరూ చెప్పారు, గీత కూడా తిన్నగా రాదని. అప్పుడు నేను వాళ్ల చేతికి పెన్సిల్ ఇచ్చి క్ష, ణ, ఝ, ఱ రాయమంటాను. ఏమాత్రం తడుముకోకుండా రాసేస్తారు. ఆ అక్షరాల్లో ఎన్ని వంపులున్నాయో, ఎన్నిచోట్ల మెలిక తిరిగి వెనక్కి రావాలో ఒకసారి చూడండి. మ కీ య కీ మధ్య తేడా ఎంత చిన్నదో చూడండి. ఆ తేడాను రోజూ తప్పులేకుండా గీస్తున్న చేతికి ఒక కప్పు అంచు గీయడం శక్తికి మించిన పని కాదు. కాబట్టి ముందు చేతి మీద అనుమానం వదిలేయండి. మీ చెయ్యి బాగానే ఉంది.

చిక్కంతా వేరేచోట ఉంది. అక్షరాలను మనం చూసి గీయం, గుర్తున్నవాటిని రాస్తాం. బొమ్మ గీయడానికి కూర్చున్నప్పుడు కూడా తెలియకుండా అదే పని చేస్తాం. కన్ను అనగానే రెండు వంపులు కలిపిన ఒక ఆకారం, మధ్యలో గుండ్రం, పైన నాలుగు వెంట్రుకలు. చెట్టు అనగానే రెండు నిలువు గీతలు, పైన మబ్బులాంటి ముద్ద. ఏడెనిమిదేళ్ల వయసులో మనం తయారుచేసుకున్న అక్షరమాల అది. ఆ తర్వాత గీయడం మానేశాం కాబట్టి అక్కడే ఆగిపోయింది. మీరు అమ్మగారి ఫొటో ముందు పెట్టుకుని ఆవిడ ముఖాన్ని గీయలేదు. కన్ను, కన్ను, ముక్కు, నోరు అని బొమ్మల అక్షరాలతో రాశారు. అందుకే అందులో ఆవిడ లేరు. ఎవరి ముఖం ముందు పెట్టుకున్నా మీకు అదే మనిషి వచ్చి ఉండేది.

ఇది మీ ఒక్కరి లోపం కాదు, మనందరి మెదడూ అలాగే పనిచేస్తుంది. రాబర్ట్ థౌలెస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1931లో ఒక పరిశోధన ప్రచురించాడు. గుండ్రటి బిళ్లను బల్ల మీద పడుకోబెట్టి, పక్క నుంచి చూస్తే ఏ ఆకారంలో కనిపిస్తోందో చెప్పమన్నాడు. అలా చూసినప్పుడు కంట్లో పడే ఆకారం బాగా నొక్కుకుపోయి ఉంటుంది. కానీ చూసినవాళ్లు దానికంటే గుండ్రంగా ఉన్న ఆకారాన్నే ఎంచుకున్నారు. బిళ్ల గుండ్రనిదని మనసుకు తెలుసు, ఆ తెలిసిన సంగతి చూపులో కలిసిపోయింది. రోజువారీ బతుకులో ఇది మంచిదే. తలుపు తెరుచుకుంటున్నప్పుడల్లా దాని ఆకారం మారిపోతోందని కంగారుపడకుండా నడిచి వెళ్లగలుగుతున్నాం. బొమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే అడ్డం పడుతుంది. నేను నేర్పేదాంట్లో సగానికి పైగా ఈ అడ్డం తొలగించుకోవడమే.

పుట్టుకతో రావాలా అన్న ప్రశ్నకు నిజాయతీగా చెబుతాను. కొందరికి త్వరగా వస్తుంది, అది నా కళ్లతో చూశాను. ఒకే రోజు మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు మూడు వారాల్లో పట్టుకున్నది ఇంకొకరికి మూడు నెలలు పడుతుంది. కానీ మూడు నెలల తర్వాత ఆ రెండో మనిషికి కూడా వచ్చింది కదా, నాకు ముఖ్యమైంది అది. విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నది 1880లో, 27 ఏళ్ల వయసులో. ఆయన తొలి బొమ్మల్లో మనుషులు బిగుసుకుపోయి, కొలతలు తప్పి ఉంటారు. చార్లెస్ బార్గ్ అనే ఆయన తయారుచేసిన అభ్యాసపు బొమ్మలను ముందు పెట్టుకుని, బడిపిల్లాడిలా వరసగా మళ్లీ మళ్లీ గీసి నేర్చుకున్నాడు. 1890లో చనిపోయాడు, అంటే మొత్తం పదేళ్లు. మీరు వాన్ గో కావాలని నేను చెప్పడం లేదు. మీ వయసులో కూర్చుని ఓనమాలు దిద్దడం వింతేమీ కాదని చెబుతున్నాను.

ఇక సామాను. ఇరవై నాలుగు పెన్సిళ్లలో హెచ్‌బి, 2బి, 6బి మూడూ బయట ఉంచి మిగతావి లోపల పెట్టేయండి. పెన్సిల్‌లో ఉండేది సీసం కాదు, గ్రాఫైట్, బంకమట్టి కలిపి కాల్చిన పుల్ల. 1790లలో ఫ్రాన్స్‌కు యుద్ధం వల్ల మంచి గ్రాఫైట్ దొరకనప్పుడు నికోలా జాక్ కాంటే అనే ఫ్రెంచివాడు ఈ కలిపే పద్ధతి కనిపెట్టి 1795లో పేటెంట్ తీసుకున్నాడు. మట్టి పాలు పెరిగితే పుల్ల గట్టిపడి గీత లేతగా వస్తుంది, అవి హెచ్ పెన్సిళ్లు. గ్రాఫైట్ పాలు పెరిగితే మెత్తబడి నల్లగా వస్తుంది, అవి బి పెన్సిళ్లు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏ పెన్సిల్ ఎందుకో మీకే అర్థమవుతుంది. కాగితం మాత్రం మామూలు ప్రింటర్ కాగితమే తీసుకోండి, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) ఉండేది. ఖరీదైన స్కెచ్ పుస్తకం మొదట్లో వద్దంటాను. మంచి కాగితం పాడైపోతుందేమోనన్న భయం చేతిని బిగించేస్తుంది. వంద కాగితాల కట్ట ముందుంటే ఆ భయం ఉండదు. ఒక అట్ట, రెండు క్లిప్పులు, మామూలు రబ్బరు చాలు. రబ్బరు కూడా మొదటి నెల దూరంగా పెట్టండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి వారం ఒక్క బొమ్మా బాగా రావాల్సిన పని లేదు. చూడటం మాత్రం అలవాటు కావాలి. దానికి నేను వాడే మొదటి అభ్యాసం ఇది. మీకు చదవడం రాని లిపి ఒకటి ఎంచుకోండి. థాయ్, జార్జియన్, అరబిక్, ఏదైనా సరే. ఫోన్‌లో ఆ లిపిలో ఒక పెద్ద పదం తెరిచి, దాన్ని చూసి కాగితం మీద పెద్దగా దించండి. మీ చూపు ఎలా మారిపోతుందో గమనించండి. ఒక వంపు చూస్తారు, అది ఎంత లోతుగా ఉందో చూస్తారు, పక్క గీతకు ఎంత దూరంలో ఆగిందో చూస్తారు, అప్పుడు గీస్తారు. మళ్లీ తల ఎత్తి చూస్తారు. దాని పేరు, శబ్దం తెలియవు కాబట్టి చూడక తప్పదు. ఇప్పుడు తెలుగులో "ఖ" రాసి కాగితాన్ని తలకిందులు చేయండి. కాసేపు చూస్తే అక్షరం పోయి ఆకారం మిగులుతుంది. ఆ తలకిందుల ఆకారాన్ని అలాగే గీయండి. ఇదే చూపుతో కప్పును, చేతిని, ముఖాన్ని చూడటం నేర్చుకోవాలి.

ఆ తర్వాత గీతలతో ఉన్న ఏదైనా బొమ్మను తలకిందులుగా పెట్టి దించండి. రంగులు, నీడలు లేనిదైతే మంచిది. గీస్తున్నప్పుడు ఇది చెయ్యి, ఇది మోకాలు అని మనసులో పేర్లు పెట్టొద్దు. ఈ గీత అంచు నుంచి ఎంత దూరంలో మొదలైంది, ఎటు వాలింది, ఎక్కడ తిరిగింది, అంతే. పూర్తయ్యాక తిప్పి చూడండి. నిటారుగా పెట్టి గీసినదానికంటే బాగా వచ్చిందని చూసి మొదటిసారి కళ్లలో నీళ్లు తిరిగినవాళ్లు నా దగ్గర ఉన్నారు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన ఆ కాగితాన్ని తీసుకెళ్లి మనవరాలికి చూపించి, మర్నాడు క్లాసుకు అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. ఆయన చేతిలో ఒక్క రోజులో కొత్త నైపుణ్యం ఏదీ పుట్టలేదు. చూడటం మారింది, అంతే.

రెండోది మీ చేతినే చూసి గీయడం. ఎడమచేతిని బల్ల మీద పెట్టి, చూపును దాని అంచు మీద ఒకచోట నిలపండి. ఆ అంచు వెంట చీమ పాకుతున్నట్టు ఊహించుకోండి. చీమ ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిల్ అంత నెమ్మదిగా కదలాలి. కాగితం వైపు చూడకూడదు. పదినిమిషాల పాటు ఒక్క బొమ్మ. ప్రతి ముడతా, గోరు పక్క చర్మం లేచిన చోటూ, వేలి కణుపు దగ్గర ఉబ్బూ అన్నీ చీమ ఎక్కి దిగాలి. వచ్చే బొమ్మ చెయ్యిలా ఉండదు, వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఉండనివ్వండి. బొమ్మ కోసం చేసే పని కాదిది. మన చూపు ఎప్పుడూ పరుగెడుతూ ఉంటుంది, దాన్ని నడిపించడం కోసం చేస్తున్నాం. వారం తర్వాత, మధ్యమధ్యలో కాగితం వైపు చూస్తూ గీయండి. పది చూపుల్లో ఏడెనిమిది వస్తువు మీద, రెండు మూడు కాగితం మీద ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. కొత్తవాళ్లు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. ఒకసారి వస్తువును చూసి ఐదు నిమిషాలు కాగితం మీదే పనిచేస్తారు. ఆ ఐదు నిమిషాలూ పాత అక్షరమాల రాస్తున్నట్టే.

మూడోది ఖాళీలు గీయడం. ఒక కుర్చీని కొంచెం మూలగా పెట్టి ఎదురుగా కూర్చోండి. కుర్చీని గీయొద్దు. కాళ్ల మధ్య కనిపించే ఖాళీలు, వీపు పట్టీల మధ్య సందులు, చేతికీ సీటుకీ మధ్య ఉన్న కన్నం, వీటి ఆకారాలు మాత్రం గీయండి. "కుర్చీ కాలు" అంటే ఎలా ఉండాలో మీ మనసుకు గట్టి అభిప్రాయం ఉంది. నాలుగు కాళ్లూ ఒకే పొడవుండాలని పట్టుబడుతుంది. ఆ కన్నం ఎలా ఉండాలన్నదాని మీద మాత్రం ఏ అభిప్రాయమూ లేదు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు చూస్తుంది. ఖాళీలన్నీ సరిగా కుదిరితే వాటి మధ్య కుర్చీ దానంతటదే నిలబడుతుంది. ఇది ఒకరోజు సరదాగా చేసి వదిలేసేది కాదు. ఇప్పటికీ చేతికి అందని భంగిమ ఎదురైతే నేను ముందు మోచేతికీ నడుముకీ మధ్య ఉన్న ఖాళీనే గీస్తాను.

ఇప్పుడు కొలవడం. పెన్సిల్ పట్టుకుని చెయ్యి చాచి ఒక కన్ను మూసే చిత్రకారుడిని మీరు సినిమాల్లో చూసే ఉంటారు. అది ఫోజు కాదు. మోచెయ్యి వంచకుండా పూర్తిగా చాచాలి, ప్రతిసారీ దూరం ఒకేలా ఉండాలి కాబట్టి. ఒక కన్ను మూయాలి, రెండు కళ్లకు రెండు దృశ్యాలు వస్తాయి కాబట్టి. పెన్సిల్ కొనను కప్పు ఒక అంచుకు ఆనించి, బొటనవేలిని రెండో అంచు దగ్గరికి జరపండి. ఇప్పుడు వెడల్పు మీ పెన్సిల్ మీద ఉంది. దాన్ని నిలువుగా తిప్పి ఎత్తుతో పోల్చండి. ఎత్తు ఒకటింపావు వెడల్పు ఉందా, ఒకటిన్నర ఉందా? కాగితం మీద కప్పును మీరు ఏ సైజులోనైనా గీయొచ్చు, ఈ నిష్పత్తి మాత్రం తప్పకూడదు. వాలుగా ఉన్న అంచులకు గడియారం వాడండి. ఆ అంచు చిన్నముల్లు అనుకుంటే రెండు గంటల దగ్గర ఉందా, రెండున్నర దగ్గరా? నిట్టనిలువుగా పెన్సిల్ పట్టుకుని, ఏది దేని కింద పడుతోందో కూడా చూడండి. చెవి కింద భుజం ఎక్కడ వచ్చింది? ఇంత చిన్న ప్రశ్నతో పెద్దపెద్ద తప్పులు బయటపడతాయి.

ఇలా కొలవడం మోసమని కొందరు అనుకుంటారు. పాతకాలపు మహామహులే పనిముట్లు వాడారండి. పలచటి తెరను దారాలతో గళ్లుగా విడగొట్టి, దాని గుండా చూసి గీయమని ఇటలీ పండితుడు ఆల్బెర్టి 1435లోనే రాశాడు. 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ కొలతల మీద అచ్చువేసిన గ్రంథంలో, గాజుపలక గుండా ఎదుటి మనిషిని చూస్తూ ఆ గాజు మీదే గీస్తున్న చిత్రకారుడి బొమ్మ ఉంది. ఇందాక చెప్పిన వాన్ గో కూడా దారాలు కట్టిన చట్రం చేయించుకుని బయటికి మోసుకెళ్లి గీశాడు. మీరూ ఒక అట్టముక్కలో పోస్టుకార్డంత కిటికీ కోసి, అడ్డంగా నిలువుగా రెండు దారాలు అంటించి వాడుకోండి. కన్ను కుదురుకున్నాక దాని అవసరం తగ్గిపోతుంది.

కప్పు గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి. కొత్తవాళ్ల బొమ్మల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు అందులోనే ఉంది. పై అంచును దాదాపు గుండ్రంగా గీసి, అడుగును తిన్నని అడ్డగీతతో ముగిస్తారు. అడుగు బల్లకు ఆనుకుని ఉంది, బల్ల చదునుగా ఉంది, కాబట్టి గీత చదునుగా ఉండాలని మనసు లెక్క వేస్తుంది. ఒక గాజుగ్లాసు తీసుకుని దాని అంచు సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉండేలా పట్టుకోండి. అంచు ఒక్క గీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించండి. గీత విచ్చుకుని దీర్ఘవృత్తం అవుతుంది. ఇంకా దించితే ఇంకా గుండ్రంగా అవుతుంది. అంటే కంటికి ఎంత కిందికి ఉంటే అంత గుండ్రం. మరి కప్పు అడుగు పై అంచు కంటే కిందికే ఉంది కదా! కాబట్టి అడుగు వంపు పై అంచు వంపు కంటే ఎక్కువ ఉండాలి, తక్కువ కాదు. ఇంకో మాట, దీర్ఘవృత్తానికి రెండు కొసల్లోనూ మొనలు ఉండవు. ఎంత సన్నగా ఉన్నా కొసలో గీత గుండ్రంగానే తిరుగుతుంది. ఒక కాగితం నిండా దీర్ఘవృత్తాలు గీయండి. పెన్సిల్ కాగితానికి ఆనించకుండా గాల్లోనే రెండు మూడుసార్లు తిప్పి, ఆ ఊపులోనే కిందికి దించి గీస్తే వంపు బాగా వస్తుంది.

గీత తిన్నగా రాదన్న సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. రాసేటప్పుడు మనం మణికట్టు బల్లకు ఆనించి వేళ్లతో రాస్తాం. వేళ్లతో రెండు మూడు అంగుళాల గీత బాగానే వస్తుంది, అంతకు మించితే వంగిపోతుంది. పొడుగు గీతకు మణికట్టు ఎత్తి భుజం నుంచి చెయ్యి మొత్తం కదపాలి. పెన్సిల్‌ను కొనకు దూరంగా, పక్కకు వాల్చి పట్టుకోండి. రెండు చుక్కలు పెట్టి, చూపు పెన్సిల్ మీద కాకుండా చేరాల్సిన చుక్క మీద పెట్టి ఒక్క ఊపులో లాగండి. మీరు వణుకు అంటున్నది చాలావరకు నెమ్మదిగా, భయంగా గీయడం వల్ల వచ్చేదే. వేగం పెరిగితే తగ్గుతుంది. అలాగే ఒక గీతకు బదులు చిన్నచిన్న ముక్కలు అతికించుకుంటూ పోయి, చివరికి వెంట్రుకలు మొలిచినట్టు చేసే అలవాటు ఉంటుంది. దానికి మందు ఒకటే, ఒక గీత తప్పితే దాన్ని అలాగే వదిలి పక్కన ఇంకోటి లేతగా గీయడం. రబ్బరు వద్దన్నది ఇందుకే. తప్పు గీత కళ్ల ముందు ఉంటేనే సరైన గీత దానికి ఎటువైపు, ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది. చెరిపేస్తే మళ్లీ అక్కడే అదే తప్పు వేస్తారు. నేను ఎంతోమందిలో చూశాను.

పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరా దూరమూ తెలిసేలా గీసే పద్ధతి, గురించి ఇప్పుడే బెంగపడొద్దు. రెండో నెలలో అట్టపెట్టెలు గీస్తూ నేర్చుకోండి. ప్రస్తుతానికి ఒక్క సంగతి చాలు. దూరాన నేలా ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. మీరు కూర్చుంటే అదీ కిందికి దిగుతుంది. చదునైన నేల మీద మీరు నిలబడి చూస్తుంటే, మీ అంత ఎత్తున్న మనుషుల కళ్లన్నీ దగ్గరున్నా దూరమున్నా ఆ గీత మీదే వస్తాయి. ఈసారి జనం ఉన్నచోట గమనించండి, చాలా ముచ్చటగా ఉంటుంది.

నీడల దగ్గరికి వద్దాం. గీతల్లో మనసు ఎలా అడ్డుపడిందో నీడల్లోనూ అలాగే అడ్డుపడుతుంది. చూపు మీద పరిశోధన చేసే ఎడ్వర్డ్ ఆడెల్సన్ 1995లో తయారుచేసిన చదరంగపు పలక బొమ్మ ఒకటుంది. దాని మీద ఒక స్తంభం నీడ పడి ఉంటుంది. నీడలో ఉన్న తెల్ల గడి, బయట ఉన్న నల్ల గడి రెండింటి రంగూ నిజానికి ఒకటే. ఎంత చెప్పినా కన్ను నమ్మదు. మధ్యలో ఒక పట్టీ పెట్టి కలిపితే గానీ తెలియదు. తెల్లచొక్కా తెల్లగానే ఉందని మనం అనుకోవడమూ ఇలాంటిదే. నీడలో ఉన్న తెల్లచొక్కా మడత చాలాసార్లు వెలుగులో ఉన్న ముదురు గుడ్డంత నల్లగా ఉంటుంది. దీనికి ఉపాయం కళ్లు చికిలించి చూడటం. రెప్పలు సగం మూస్తే చిన్న వివరాలన్నీ కలిసిపోయి, పెద్ద నలుపులూ పెద్ద తెలుపులూ మిగులుతాయి. ముందు వాటిని వేయాలి.

తెల్లకాగితం మీద తెల్లటి బంతి పెట్టి, ఒకే దీపం ఒక పక్క నుంచి పడేలా చేసి, గదిలో మిగతా లైట్లు ఆర్పేయండి. బంతి మీద వెలుగు పడే భాగం, మెల్లగా మసకబడే భాగం, ముదురు నీడ పట్టీ కనిపిస్తాయి. దీపానికి అవతలి అంచు దగ్గర మాత్రం నీడ కాస్త తేలికపడుతుంది. కింద కాగితం మీద పడిన వెలుగు ఎగిరి బంతిని తాకడం వల్ల వచ్చే తేలిక అది. చాలామంది ఆ తేలికను చూసి మురిసిపోయి మరీ తెల్లగా చేసేస్తారు. అది నీడలో భాగం, వెలుగులో ఉన్న ఏ చోటు కంటే కూడా ముదురుగానే ఉండాలి. కింద బంతి నేలకు తగిలే చోట పడే నీడ అన్నిటికంటే నల్లగా ఉంటుంది. అక్కడ 6బి తీసుకుని ధైర్యంగా నొక్కండి. కొత్తవాళ్ల బొమ్మలు చప్పగా ఉండటానికి కారణం షేడింగ్ రాకపోవడం కాదు, నల్లగా వేయడానికి భయపడటం. వేలితో రుద్ది నున్నగా చేయడం మాత్రం మానేయండి. వేలి జిడ్డు కాగితానికి పడుతుంది, వెలుగుకూ నీడకూ మధ్య హద్దు ఎక్కడో మీకే తెలియకుండా పోతుంది.

ఫొటో చూసి గీయొచ్చా అని మీరు అడగలేదు గానీ మీరు చేస్తున్నది అదే కాబట్టి చెబుతున్నాను. మొదటి మూడు నెలలు వీలైనంతవరకు ఎదురుగా ఉన్న వస్తువుల్నే గీయండి. ఫొటోలో కెమెరా ముందే అంతా చదును చేసి ఇస్తుంది. మూడు కొలతల వస్తువును రెండు కొలతల కాగితం మీదికి దించే పని మీరు చేయాల్సింది, అది చేసేస్తుంది. పైగా ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి ఉంటాయి. మనం మనిషిని అంత దగ్గర నుంచి చూడం కాబట్టి, ఫొటోను తూచా తప్పకుండా దించినా మనిషి పోలిక రాకపోవచ్చు. ఫొటో మీద కాగితం పెట్టి దిద్దడం వల్ల చేతికి కొంత అలవాటు వస్తుందేమో గానీ కంటికి ఏమీ రాదు. ట్యాబ్ మీద గీయడం కూడా కొన్నాళ్లు ఆపండి. వేలితో తాకితే వెనక్కి పోయే సౌకర్యం రబ్బరు కంటే ప్రమాదం.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చునేవాళ్ల కంటే రోజూ ఇరవై నిమిషాలు గీసేవాళ్లు ముందుకు వెళ్లడం నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను. మొదటి ఐదు నిమిషాలు గీతలు, దీర్ఘవృత్తాలు. మిగతా పదిహేను నిమిషాలు ఎదురుగా ఉన్న ఒకే వస్తువు. చెప్పు, తాళంచెవి, నలిగిన కాగితం, మీ చెయ్యి. వారంలో ఒకరోజు మాత్రం ఒక్కొక్కటి నిమిషంలో ముగిసేలా కదిలే మనుషుల్ని గీయండి. అందులో వేళ్లూ ముఖాలూ అక్కర్లేదు, ఒళ్లు ఎటు వాలింది, బరువు ఏ కాలి మీద ఉంది, అంతే. కొత్త వీడియో చూసిన రోజు అందులో చూపించింది చేయకుండా ఇంకో వీడియో తెరవొద్దు.

మూడు నాలుగు వారాలకు మీకు ఒక బెంగ వస్తుంది. అది ముందే చెప్పి పెడతాను, ఎందుకంటే నా దగ్గర మానేసినవాళ్లలో ఎక్కువమంది అప్పుడే మానేశారు. మొదటి వారం ఫరవాలేదనిపించిన బొమ్మలు అప్పుడు ఘోరంగా కనిపిస్తాయి. కొత్తగా గీసినవి కూడా నచ్చవు. నేను వెనక్కి వెళ్తున్నానేమోనని టెన్షన్ పడతారు. జరిగిందేమిటంటే కన్ను చెయ్యి కంటే ముందుకు వెళ్లింది. నిన్నటిదాకా కనిపించని తప్పులు ఇవాళ కనిపిస్తున్నాయి, చెయ్యి ఇంకా వాటిని అందుకోలేదు. ఆ రోజుల్లో దయచేసి ఆపకండి. ఎవరికైనా చూపించి మెప్పు కోసం ఎదురుచూడకండి కూడా. అప్పుడు వచ్చే ఒక్క మాట మనిషిని ఏళ్ల తరబడి పెన్సిల్ ముట్టనివ్వకుండా చేయగలదు. అలా పదిహేనేళ్లు ఆగిపోయి మళ్లీ వచ్చినవాళ్లకు నేను నేర్పాను.

చివరగా మీ అమ్మగారి బొమ్మ. ప్రశ్నతో పాటు మీరు పెట్టిన ఫొటో, దాన్ని చూసి గీసిన బొమ్మ రెండూ చూశాను. బొమ్మలో కళ్లు చాలా పైకి వెళ్లాయి. దాదాపు అందరూ ఇదే చేస్తారు. మన ధ్యాసంతా కళ్లూ ముక్కూ నోటి మీదే ఉంటుంది కాబట్టి నుదుటికీ తలకీ చోటు తగ్గించేస్తాం. పెద్దవాళ్లలో నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సుమారుగా మధ్యలో ఉంటాయి. అద్దం ముందు నిలబడి పెన్సిల్‌తో కొలుచుకోండి, నమ్మబుద్ధి కాదు. ఎదురుగా చూస్తే తల వెడల్పు దాదాపు ఐదు కళ్లంత, రెండు కళ్ల మధ్య దూరం ఒక కన్నంత. చెవి పైకొస కనుబొమకు, కిందికొస ముక్కు అడుగుకు సుమారు సూటిగా ఉంటాయి. ఇవి అందరికీ పనికొచ్చే సగటు లెక్కలు. ఒక మనిషి పోలిక మాత్రం వీటికి ఎక్కడ, ఎంత తేడా ఉందన్నదాంట్లోనే దొరుకుతుంది. మీ అమ్మగారికి ముక్కుకీ పైపెదవికీ మధ్య దూరం మామూలు కంటే ఎక్కువ, గడ్డం పొట్టి. మీరు రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటీ ఎంతో శ్రద్ధగా గీశారు గానీ ఆ దూరాన్ని వదిలేశారు.

ఒక పని చేయండి. మీ బొమ్మనూ ఫొటోనూ పక్కపక్కన పెట్టి రెండింటినీ తలకిందులు చేసి చూడండి. తర్వాత అద్దంలో చూడండి. అద్దంలో చూస్తే తప్పు తెలుస్తుందని చిత్రకారుడు లియొనార్డో డా విన్సి తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు, ఐదు వందల ఏళ్లయినా ఆ ఉపాయం అలాగే పనిచేస్తోంది. కనిపించిన తప్పులు బొమ్మ పక్కన మాటల్లో రాసుకోండి. దాన్ని దిద్దొద్దు, చింపొద్దు. కింద తేదీ వేసి దాచండి. మూడు నెలలు కప్పులూ కుర్చీలూ చేతులూ గీశాక, వీలైతే అమ్మగారినే ఎదురుగా కూర్చోబెట్టుకుని కొత్త కాగితం మీద మొదలుపెట్టండి. ముందు తల మొత్తం ఆకారం, తర్వాత జుట్టు నల్లటి ముద్దలా, తర్వాత కళ్ల గుంటల్లోనూ ముక్కు కిందా గడ్డం కిందా ఉన్న నీడలు. కళ్లు అన్నిటికంటే చివర గీయండి. గీశాక ఆ రెండు బొమ్మలూ కలిపి ఇక్కడ పెట్టండి, తర్వాత ఏం చేయాలో చూసి చెబుతాను.